రెండు పనుల అన్నయ్య

మా ఆయన ఉన్నన్నాళ్ళూ మధ్యాహ్నం ఆయనకు వడ్డించి, ఆ తర్వాత నేను తినేదాన్ని. ఆయన పోయాక ఆ వేళకు మా అన్నయ్య వస్తున్నాడు. మా అన్నయ్య గురించి ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఒకసారికి ఒకే పని చేయడం అతనికి చేతకాదు.

అన్నయ్యది టైలరింగ్ కొట్టు. చిన్న వ్యాపారానికి పెట్టుబడి కంటే టైం ముఖ్యమని ఎవరో చెవిలో ఊదారు. అప్పటినుంచి పళ్ళు తోముకుంటూ షట్టర్ ఎత్తుతాడు, గడ్డం గీసుకుంటూ కొలతలు తీస్తాడు. ఏమైనా అంటే, "టైం కలిసొస్తుందమ్మాయ్!" అంటాడు. ఒకసారి చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని ప్యాంటు అంచు కుడుతూ, తన చొక్కా చేతిని కూడా దానికి కలిపి కుట్టేశాడు. ప్యాంటు తీసుకోవడానికి వచ్చినాయన ఇటు లాగితే అన్నయ్య కౌంటరు మీదికి వచ్చేశాడట.

"మీరు కూడా నాతో వస్తారా ఏంటి?" అన్నాడట ఆయన.

మా ఆయన పోయినప్పుడు పరామర్శకు వచ్చిన చుట్టాన్ని వాటేసుకుని అన్నయ్య భోరుమన్నాడు. విడిచాక కళ్ళు తుడుచుకుంటూ, "నలభై నాలుగు. కిందటిసారి కన్నా ఒళ్ళు చేశావు బావా" అన్నాడు. ఆ రోజుల్లో నాకు నవ్వొచ్చింది ఆ ఒక్కసారే.

ఈమధ్య ఒక బడి పిల్లల యూనిఫాంలు ఒప్పుకున్నాడు. బడి తెరిచేలోపు ఇవ్వకపోతే ఆ పని ఇక పక్క కొట్టుకు పోతుంది. అన్నయ్య ఇల్లు ఏడాదంతా గడిచేది దానిమీదే. అయినా మధ్యాహ్నం అయ్యేసరికి చొక్కాల మూటతో మా గుమ్మంలో దిగేవాడు.

"దారం కొనడానికి పోతున్నా. మీ ఇల్లు దారిలోనే కదా, తింటూ నాలుగు గుండీలు కుట్టేసుకుంటా. నువ్వూ పెట్టుకో, రెండోసారి వడ్డించే పని తప్పుతుంది."

ముద్దకో కుట్టు. ఒకరోజు గుండీ కూరలో పడింది. నమిలి చూసి, "కూర సరిగ్గా ఉడకలేదమ్మాయ్" అన్నాడు.

నిన్న వదిన కొట్టునుంచి ఫోను చేసింది.

"మీ అన్నయ్య అక్కడికే వస్తున్నాడా? సగం చొక్కాలకు ఇంకా చేతులే లేవు, ఈయనేమో మధ్యాహ్నం మాయం!"

"దారం కోసం వెళ్తున్నాడు కదా వదినా."

"దారమా? దారం వాళ్ళే కొట్టుకు తెచ్చి పడేస్తారు! మీ ఇంటివైపు ఆయనకు వేరే పనేముంది?"

రేపు అడుగుతానని చెప్పి ఫోను పెట్టేశాను.

ఇవాళ అన్నయ్య కంచం ముందు కూర్చోగానే అడిగాను.

"దారం కొట్టుకే వస్తుందట కదా అన్నయ్యా?"

సూది కింద పెట్టాడు. పెద్ద ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. అన్నయ్య ఒకే పని చేస్తుండగా చూడడం నాకదే మొదటిసారి.

"నువ్వు తింటున్నావో లేదో చూసి పోదామని వస్తున్నాలే" అన్నాడు చివరికి. "మీ ఆయన ఉన్నప్పుడు ఆయన తిన్నాకే కదా నువ్వు తినేదానివి. ఎదురుగా తినేవాళ్ళు లేకపోతే నువ్వు పొయ్యి కూడా వెలిగించవు. నాకు తెలీదా? అయినా ఊరికేం రాలేదు, నా భోజనం కూడా అయిపోతోందిగా."

"మరి యూనిఫాంలు?"

"అవుతాయిలే."

"ఎలా అవుతాయి? సగం చొక్కాలకు చేతులే లేవటగా!"

"అదీ చెప్పేసిందా మీ వదిన!"

ఇద్దరం తినడం కాగానే గిన్నెలు సింకులో పడేసి నేను చెప్పులు వేసుకున్నాను. ఆయన పోయాక నేను గడప దాటింది తక్కువ.

"నడు, కొట్టుకు పోదాం. చేతులు నువ్వు కుట్టు, గుండీలు నేను కుడతా. రేపటినుంచి క్యారేజీ కూడా అక్కడికే తెస్తా. వదినతో కలిసి ముగ్గురం తిందాం."

అన్నయ్య చెయ్యి కడుక్కుని మూట భుజాన వేసుకున్నాడు. ఇంతలో అతని చూపు వంటింటివైపు పోయింది.

"మరి ఆ గిన్నెలు? కాస్త నీళ్ళు పోసి రాకూడదూ, ఎండిపోతాయి."

"ఎండనీ" అన్నాను.

సింకులో గిన్నెలు అలాగే వదిలేసి తలుపుకు తాళం వేశాను.