వీపు వైపు వాకిలి

ఆమె చొక్కాల కాలర్లు కుట్టేది. మరేదీ కాదు, కాలర్లే. బట్టల దుకాణం యజమాని కత్తిరించిన ముక్కలను కట్టలుగా పంపితే, వాటిని జతచేసి మొనలు తీర్చడం ఇరవై రెండేళ్లుగా ఆమె పని. గదికి ఒకటే కిటికీ. వెలుతురు ఎడమ వైపు నుంచి సూది మీద పడేలా మిషను వేసుకుంటే తలుపు వీపు వెనక్కి వస్తుంది. అన్నేళ్లలో అదొక లోపంగా ఆమెకు తోచలేదు. మనిషి తన వీపును తాను కాపలా కాయలేడు. దాన్ని ఇతరుల మంచితనానికి వదిలేసి బతుకుతాడు. ఆ వదిలేయడం ఎంత పెద్ద విషయమో అది చెడినప్పుడే తెలుస్తుంది.

ఒక మధ్యాహ్నం వెనక నుంచి ఒక చేయి ఆమె నోరు మూసింది. మరొకటి మెడలోని గొలుసు తెంపుకుంది. ఆమె తేరుకుని చూసేసరికి తలుపు ఊగుతోంది. పోలీసు అధికారి ఆనవాళ్లు అడిగితే, మణికట్టు మీది వెంట్రుకలు, సబ్బు వాసన తప్ప చెప్పగలిగింది లేకపోయింది. మూడుసార్లు పిలిపించి మూడుసార్లూ అదే అడిగారు. చుట్టాలు మిగిలినవి అడిగారు: గడియ ఎందుకు వేసుకోలేదు, ఎందుకు అరవలేదు, పని చేసేటప్పుడు గొలుసు ఎందుకు. నేరం చేసినవాడు దొరకనప్పుడు విచారణ దొరికినవాళ్ల మీదే సాగుతుంది.

మెడ మీది గీత పది రోజుల్లో మానింది. ఆమె మిషనును తలుపుకు ఎదురుగా తిప్పుకుంది. ఇప్పుడు వెలుతురు కుడి వైపు నుంచి రావడంతో మిషను నీడే సూది మీద పడసాగింది. దీపం పెట్టుకుంటే తెల్లబట్ట మీద తెల్లదారం మెరిసి కళ్లు చెదిరాయి. కుట్టు నూలుపోగంత తప్పేది. కాలరు చెడటానికి అది చాలు, ఒక మొన పైకి, ఒకటి కిందికి. రెండు కట్టలు తిరిగొచ్చాయి. మూడోది కూడా ఇలాగే ఉంటే పని ఇంకొకరికి ఇస్తానని యజమాని కబురు పంపాడు.

పై వాటాలో అన్న భార్య ఉంటుంది. చొక్కాలకు గుండీలు కుడుతుంది. ఆ వదిన దిగివచ్చి చూసింది.

“మిషను పాత చోటికి జరుపు.”

“వెనక తలుపుంటే చేతులు ఆడటం లేదు వదినా.”

“తలుపు సంగతి నాకొదిలెయ్. నీ ఎదురుగా కూర్చుని గుండీలు కుట్టుకుంటా. ఎవరొచ్చినా చెబుతా.”

“రోజంతానా?”

“మీ అన్న ముఖం చూస్తూ కూర్చోవడం కన్నా తలుపు చూడటమే నయం.”

మొదటి రోజు వదిన గాలి వీచినా చెప్పింది. పక్కింటి పిల్లి వచ్చినప్పుడు, అది గొలుసుల జోలికి పోయే రకం కాదని హామీ కూడా ఇచ్చింది. అయినా ప్రతిసారీ ఆమె తిరిగి చూసుకునేది. కుట్టు మాత్రం క్రమంగా దారిలో పడింది.

మూడో కట్ట చివరి కాలరు సూది కింద ఉండగా అడుగులు లోపలికి వచ్చాయి. ఆమె పాదం ఆగిపోయింది.

“ఎవరు వదినా?”

“దుకాణం ఆయన.”

ఆమె వెంటనే తిరగలేదు. మిగిలిన మూడంగుళాలూ కుట్టి, దారం తెంచి, అప్పుడు లేచింది. యజమాని ఒక కాలరును మధ్యకు మడిచి మొనలు కలిపి చూశాడు. కలిశాయి. కొత్త కట్ట బల్ల మీద పెట్టాడు. ఆయన గడప దాటి వెళ్లేదాకా ఆమె ఆయన వైపు వీపు తిప్పలేదు.