మర్ఫా దరువు

మాస్కుల రోజులవి. షార్జా అల్ నహ్దా నుంచి దుబాయ్ వెళ్లే బస్సులో నా పక్కన ఒక నల్లజాతి స్త్రీ కూర్చుంది. ఏదో విశ్వవిద్యాలయంలోని నల్లజాతీయుల అధ్యయన కేంద్రం తరఫున, ఆఫ్రికా నుంచి సముద్రం దాటి వచ్చినవాళ్ల పాటలు, వాయిద్యాలు సేకరిస్తోందట. వచ్చీరాని హిందీలో చెప్పింది.

నేను ఊరుకోలేకపోయాను. హైదరాబాదు గ్రంథాలయంలో చదివినవి మా లేబర్ క్యాంపులో ఎవరు వింటారు?

"మా పెళ్లిళ్లల్ల కొట్టే మర్ఫా మీవాళ్లదే మేడమ్. నిజాం గుర్రపు దళంల ఉన్న హబ్షీలు తెచ్చిన్రు," అన్నాను.

ఆమె రికార్డర్ తీసింది. "కొట్టి చూపించు భాయ్. పేరు కూడా చెప్పు."

ముందు సీటు వెనక వేళ్లతో దరువు వేశాను. పేరుతోపాటు, గేటు దగ్గర రోజూ చెప్పే అలవాటు కొద్దీ కంపెనీ పేరు, క్యాంపు పేరు కూడా చెప్పేశాను.

చెప్పాక గుర్తొచ్చింది. ఇంతకుముందు ఎవరో కెమెరాతో వస్తే మాట్లాడాడని, మా గదిలోని ఒకతన్ని కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, 'ఖలాస్' అని ఇంటికి పంపేశాడు.

"డిలీట్ కరో మేడమ్. నౌకరీ పోతది."

"వాయిద్యం గురించే కదా భాయ్?"

"వాళ్లు వాయిద్యం వినరు మేడమ్. కంపెనీ పేరు వింటరు."

ఆమె రికార్డర్ నా చేతిలో పెట్టి, చెరిపే మీట చూపించింది. నేనే చెరిపేశాను.

తర్వాతి స్టాపులో ఆమె దిగింది. బయటి నుంచి నా కిటికీ అద్దం మీద వేళ్లతో అదే దరువు, ఒక్క దెబ్బ తప్పకుండా వేసింది. ఉలిక్కిపడి చుట్టూ చూశాను. ఎవరూ తల తిప్పలేదు. అప్పుడు నేనూ లోపలి నుంచి అద్దం మీద ఒక్క దెబ్బ కొట్టాను.

అప్పటికే బస్సు కదిలింది.