బావ దుబాయ్‌లో, బామ్మర్ది మస్కట్‌లో

స్నేహితుడి పెళ్ళికని ఆత్మకూరులో ఉదయగిరి బస్సెక్కాను. పక్క సీట్లో బావాబామ్మర్దులు రమణయ్య, శీనయ్య తిట్టుకుంటున్నారు. ఏమైందని అడిగితే బస్సంతా వినేలా చెప్పారు.

ప్రపంచమంతా మాంద్యం రాగానే దుబాయ్‌లో రమణయ్య పని పోయింది. పక్క దేశంలోని బామ్మర్ది ఏదైనా పని చూపిస్తాడని, చెప్పకుండా మస్కట్ వెళ్ళాడు. అక్కడ శీనయ్య పనీ పోయింది. అతను బావను నమ్ముకుని అదే రోజు దుబాయ్ చేరాడు.

"తలుపు కొడితే ఎవరో పంజాబీ తీసినాడు సార్! మీ బావ మస్కట్ పోయినాడన్నాడు."

"ఫోన్ చేసి చావొచ్చు గదరా!"

"సిగ్గు గాదా? నువ్వెందుకు చెయ్యలా?"

వెనక సీటు అవ్వ పగలబడి నవ్వింది. ఎక్కడా పని దొరక్క ఊరికి తిరిగొస్తున్నారు; ఇంట్లో మాత్రం సెలవు మీద వచ్చినామని చెప్పాలని ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారట.

రమణయ్య నావైపు తిరిగాడు. "నీకు ఉజ్జోగం ఉండాదా, పోయిందా?"

మా విశాఖలో కొత్తవాళ్ళని అలా అడగరు. నా హైదరాబాద్ ఉద్యోగం పోయి నెలయింది. భార్యకి కూడా చెప్పలేదు.

"పోయింది," అన్నాను. నోరు విప్పాక గుండె తేలికైంది. అక్కడే మా ఆవిడకి ఫోన్ చేసి చెప్పేశాను.

"నాకెప్పుడో తెలుసు. లాప్‌టాప్ లేకుండా రోజూ ఆఫీసుకి ఎవరు వెళ్తారండీ?" అంది.

"ఏమనింది?" అన్నారు ఇద్దరూ. చెప్పాను.

రమణయ్య మొహం పాలిపోయింది. "ఒరే శీనా, మనోళ్ళకి గూడా తెలిసే ఉంటాదిరా!"