పుల్లటి బిళ్లలు

గాయపడ్డ మనిషికి పులుపు పెట్టకూడదని మీ ఇంట్లో మొదట చెప్పిందెవరు? ఏం చూసి చెప్పారు? మీరెప్పుడైనా అడిగారా? మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

నా చిన్నప్పుడు, తొంభైల చివర, మేము హఫీజ్‌పేట్‌లో ఉండేవాళ్లం. హైటెక్ సిటీ కోసం గుట్టలు పగలగొడుతున్న రోజులవి. మధ్యాహ్నం మందు పేల్చినప్పుడల్లా మా వంటింట్లో గిన్నెలు కదిలేవి. కొన్నాళ్లకు ఆ చప్పుడు మాకు వినిపించడం మానేసింది. మా నాయిన అక్కడే బండలు కొట్టే పనికి పోయేవాడు. వానాకాలం మొదట్లో పైనుంచి దొర్లిన రాయి ఒకటి ఆయన మోకాలి కింద కండను చీరేసింది. దవాఖానలో కుట్లు వేసి, మందులిచ్చి పంపారు.

ఆ రోజు నుంచి ఆయన పథ్యం మా నాయినమ్మ చూసుకుంది. పులుపు తింటే చీము పడుతుందని, పండు తింటే గాయానికి నీరు పడుతుందని ఆమె నమ్మకం. నిమ్మకాయ, టమాట, ఆకుకూర, పండు అన్నీ బంద్ చేసింది. జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం, మెత్తటి అన్నం మాత్రమే పెట్టేది. దవాఖాన మందుల్లో నారింజ రంగు బిళ్లలు ఉండేవి. ఆమె ఒకదాన్ని నాలుక మీద పెట్టుకుని మొహం చిట్లించింది. పుల్లగా ఉన్నాయి. పారేయడానికి మనసొప్పక నాకిచ్చింది. కట్టు మార్చడానికి వెళ్లిన ప్రతిసారీ ఆ బిళ్లలు ఇచ్చేవారు, ప్రతిసారీ అవి నాకే దక్కేవి.

బతుకమ్మ పూలు కోసే రోజులొచ్చినా గాయం మూతపడలేదు. నాయిన చిగుళ్ల నుంచి రక్తం కారి దిండు మీద మరకలు కట్టేది. చిన్నతనంలో చెట్టు మీంచి పడ్డప్పటి మచ్చ ఒకటి ఆయన భుజం మీద ఉండేది. ఎన్నో ఏళ్ల కిందట మానిన ఆ మచ్చ మళ్లీ విచ్చుకుంది. దాన్ని చూసి నాయినమ్మ నేల మీద కూలబడింది. గుట్ట మీది పోచమ్మ బండను పగలగొట్టారు కాబట్టి తల్లి పాత దెబ్బలు కూడా తోడి తీస్తోందని అంది. పథ్యం ఇంకా బిగించింది.

వచ్చే వారానికీ ఇలాగే ఉంటే కాలు తీసేయాలని దవాఖానలో చెప్పారు. ఆ మాట విన్నా మా అమ్మ బియ్యం ఏరడం ఆపలేదు. నాకూ ఏడుపు రాలేదు. గుట్టల చప్పుడుకు అలవాటు పడ్డట్టే ఆ మాటకూ అలవాటు పడ్డాం.

మా పక్క వాటాలో కోస్తా నుంచి వచ్చిన ఒక అక్క కిరాయికి ఉండేది. మన ఒంట్లోని మాంసకృత్తుల మీద పరిశోధన చేసేది. ఒక సాయంత్రం నేను మెట్ల మీద బిళ్ల చప్పరిస్తుంటే చూసి, ఎక్కడిదని అడిగింది. చెప్పాను. లోపలికి వచ్చి నాయిన చిగుళ్లు చూసింది, భుజం చూసింది. ఆ బిళ్లలు ఆయనకే వెయ్యమంది. చదువుకున్నవని నాకు పథ్యం నేర్పుతవా అని నాయినమ్మ తలుపు చూపించింది.

మర్నాడు అక్క మంచుగడ్డల ఫ్లాస్కుతో మళ్లీ వచ్చింది. అందులో రెండు చిన్న సీసాలు, రెండింట్లోనూ నీళ్లలాంటి ద్రవం ఉన్నాయి. వాటిని నాయినమ్మ రెండు గుప్పిళ్లలో పెట్టి, కాసేపు అలాగే పట్టుకోమంది. ఆ ద్రవం ఎలుక తోకలో కండను ఎముకకు పట్టి ఉంచే నారల నుంచి తీసిందని మాత్రం ఆమెకు చెప్పలేదు.

గుప్పిళ్లు తెరిచేసరికి ఒక సీసాలోది తెల్లగా గట్టిపడింది. బోర్లించినా జారలేదు. రెండోది నీళ్లలాగే ఉంది.

"పెరుగు తోడుకున్నట్టుంది. ఏం కలిపినవ్ ఇండ్ల?"

"మీ చేతికిచ్చాక ఏమీ కలపలేదండి మామ్మగారూ. వెచ్చదనం తగిలింది, అంతే."

మన ఒంట్లో మూడేసి పోగులు పురిపెట్టుకున్న సన్నని తాళ్లుంటాయని అక్క చెప్పింది. వాటి పేరు కొల్లాజెన్. వెచ్చదనం తగిలితే అవి ఎవరూ పేర్చకుండానే, ఒకదాని పక్కన ఒకటి కాస్త జరిగి జరిగి అంటుకుని, లావు దారాలవుతాయి. చర్మం, చిగుళ్లు, మచ్చ అన్నీ ఆ దారాల మీదే నిలుస్తాయి. రెండో సీసాలోని వాటిని ఆమె ముందే కాచి పురి విప్పేసింది. పురి లేని పోగులు ఎంతసేపున్నా దారం కావు. నిమ్మలో, జామలో, ఆ బిళ్లల్లో ఉన్న విటమిన్ సి అందకపోతే ఒళ్లు పోగులు చేస్తుంది గానీ, వాటి పురి ఒంటి వేడికే విడిపోతుంది. పాత మచ్చలోనూ దారాలు అరిగిపోతూ, కొత్తవి పడుతూ ఉంటాయి. కొత్తవి పడకపోతే మచ్చ విచ్చుకుంటుంది.

"అయితే పోచమ్మ లేదంటవా?"

"ఆవిడ సంగతి నాకు తెలీదండి. ఈ కాలికి కావాల్సింది నిమ్మకాయ."

"పెట్టినంక చీము పడి నా కొడుకు కాలు పోతే?"

"పెట్టకపోతే వచ్చే వారమే పోతుందండి."

నాయినమ్మ ఆ రెండు సీసాలనూ మళ్లీ బోర్లించి చూసింది. చివరికి, "నా చేతులతోటి నేను పెట్టను. నువ్వే పెట్టు," అంది.

అక్క నిమ్మకాయ పిండుతుంటే, వారాలుగా నోరు విప్పని నాయిన మంచం మీంచి అన్నాడు. "ఉప్పు గూడ జరంత ఎయ్యి."

మర్నాడు అక్కే వెంట వెళ్లి ఆయన తింటున్నదేమిటో డాక్టరుకు చెప్పింది. కాలు తీసే మాట వాయిదా పడింది. ముందు చిగుళ్లు గట్టిపడ్డాయి, తర్వాత భుజం మానింది. కాలి గాయం నెమ్మదిగా మూతపడింది. ఆయన కుంటుతూ నడిచాడు గానీ, రెండు కాళ్ల మీద నడిచాడు. నాయినమ్మ పగిలిన గుట్ట దగ్గరికి వెళ్లి పోచమ్మకు కోడిని కోసింది. కొడుకును ఎవరు బాగుచేశారో ఆమె ఎన్నడూ చెప్పలేదు. కానీ ఆ తర్వాత నారింజ బిళ్ల ఒక్కటి కూడా నాకివ్వలేదు.

అప్పుడు నాకు సంతోషం కూడా కలగలేదు. ఏళ్లు గడిచాక, ఆ సాయంత్రం నేను మెట్ల మీద కూర్చోకపోతే ఏమయ్యేదోనని తోచింది. అప్పటి నుంచి, పెద్దలు చెప్పారని ఎవరైనా అంటే, ఆ రెండు సీసాలూ ఎక్కడున్నాయని అడుగుతాను. చేసి చూశారా, చేయకుండా కూడా చూశారా?

మీ ఇంట్లోనో పక్కింట్లోనో గాయంతో పడుకున్న మనిషి ఉంటే ఇప్పుడే వెళ్లండి. కంచంలో ఏముందో చూడండి. ఏ మందు ఎవరి నోట్లోకి పోతోందో చూడండి. ఏం పెట్టాలో డాక్టరునే అడగండి. వద్దన్నవారిని, ఎందుకు వద్దో చెప్పమనండి.