తలుపు చాటున ఓటు

మా చిన్నప్పుడు... మా ఇంటికి చాలా రోజులు వీధి తలుపు లేదు.

డోన్ దగ్గర పల్లె మాది. వరసగా రెండేళ్ళు వానలు మొహం చాటేశాయి. జొన్నకు గింజ పట్టలేదు, శిస్తు బకాయి పడింది. ఊరి మునసబు, తలారి జప్తుకు వచ్చారు. ఇంట్లో పట్టుకుపోదగ్గది ఇంకేమీ కనబడక, తలుపు ఊడదీసి చావడికి మోసుకుపోయారు.

అమ్మ గోనెపట్టా వేలాడదీసింది... కుక్కలకు గోనెపట్టా ఒక లెక్కా? సంగటి కుండను వదిలి నీళ్ళకు పోవాలన్నా అమ్మకు భయమే. నాయన ఊళ్ళో తలెత్తి నడవడం మానేశాడు.

అంతలో ఎలక్షన్లు వచ్చాయి. జీపులో ఒకాయన వచ్చి, గెలిపిస్తే శిస్తు మాఫీ చేయిస్తానన్నాడు. మా అవ్వ జీపుకు అడ్డం పోయి నిలబడింది.

"మాఫీ అంటే... మా తలుపు ఇంటికొస్తాదా అప్పా?"

"వస్తాదవ్వా, నాకెయ్యి ఓటు."

అంతే... ఆయన పార్టీ ఏదో కూడా అవ్వ అడగలేదు. ఇంటిల్లిపాది ఓట్లూ ఆయనకే అని తేల్చేసింది.

ఓట్లు వేసేది చావడిలోనే. అప్పట్లో పోటీ చేసే ఒక్కొక్కరికి ఒక్కో పెట్టె, దాని మీద వాళ్ళ గుర్తు. చీటీ తీసుకుపోయి మనకు కావలసిన పెట్టెలో చాటుగా వేసి రావాలి. ఆ చాటు కోసం మునసబు వాళ్ళు అడ్డం పెట్టింది ఏమనుకున్నారు... మా తలుపే! అమ్మ పెట్టిన పసుపు బొట్లు ఇంకా చెరగలేదు.

దాని వెనక్కి పోయిన అవ్వ ఎంతకీ బయటికి రాలేదు.

"ఏమవ్వా, ఆడ ఏం చేస్తాండావు?" తలారి కేకేశాడు.

"మా తలుపుకు చెదలు పట్టుండాదప్పా... దులుపుతాండా."

వరసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. నాయన మాత్రం నేల చూస్తూ ఉండిపోయాడు.

జీపులో వచ్చినాయన గెలిచాడు. మాట తప్పాడని అనలేను... మాఫీ నిజంగానే వచ్చింది. కానీ అది రాబోయే శిస్తుకట, పాత బకాయికి కాదట. నాయన తుంగభద్ర కాలువ పనులకు పోయి, మట్టి మోసి, ఆ బకాయి తీర్చి తలుపు తెచ్చేసరికి అవ్వ లేదు. ఆ గోనెపట్టానే పక్కకు తీసి అవ్వను సాగనంపాం.

ఇప్పటికీ ఎలక్షన్లు వస్తున్నాయి, మాఫీలు వస్తున్నాయి... వినీ వినీ విసుగొచ్చింది. "ఏ బకాయికి అప్పా ఈ మాఫీ?" అని అడుగుదామంటే కార్లు ఆగవు, అద్దాలు దిగవు. అయినా పోయి ఓటు వేసి వస్తూనే ఉన్నాను.

మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు దేనికోసం ఓటేసేవాళ్ళు? వాళ్ళు బతికుండగా అది ఇంటికి చేరిందా...?