పద్నాలుగో నెంబరుకు దగ్గర దారి

నా తెలివితేటల పుణ్యమా అని ఒక ఫ్లెక్సీ, ఒక మినీబస్సు, ఒక శాలువా ఒకే రోజున పరువు పోగొట్టుకున్నాయి. నా పరువు సంగతి చివర్లో చెబుతాను. అది కొంచెం ఆలస్యంగా, సదుం బస్సులో పోయింది.

అప్పుడు నేను మదనపల్లెలో ఒక చిన్న సంస్థలో కొత్తగా చేరాను. హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళు మాత్రలు మానేయకుండా చూడటం మా పని. పుంగనూరులో మునెమ్మక్క నడిపే మహిళా సంఘం, కుప్పంలో మాజీ లారీ డ్రైవరు గోవిందప్ప సంఘం కూడా అదే పని చేసేవి. మునెమ్మక్క స్వయంగా ఎన్నో ఏళ్ళుగా ఆ మాత్రలు వేసుకుంటున్న మనిషి. విడివిడిగా అడిగితే మాకెవరూ పైసా రాల్చలేదు. చివరికి బెంగళూరు దాతల సంస్థ ఒకటి, మూడూళ్ళూ చేతులు కలిపితే నిధులిస్తామంది. ప్లాను రాసే పని నా నెత్తిన పడింది. పడిందంటే, నేనే వెళ్ళి తల పెట్టాను.

మూడు జాబితాలూ ముందేసుకున్నాను. పేర్లుండవు, మందులు తీసుకునేవాళ్ళ నెంబర్లూ ఊళ్ళే. చూద్దును కదా, సదుం దగ్గరి పద్నాలుగో నెంబరు మనిషి పక్కనున్న పుంగనూరు వదిలేసి కుప్పం దాకా పోతోంది! కుప్పం వాళ్ళేమో మదనపల్లె వస్తున్నారు. అయ్యో, ఈ అమాయకులకు దారి చెప్పే దిక్కే లేదా అని నా గుండె తరుక్కుపోయింది. ఇకమీదట ఎవరి ఊరికి దగ్గరున్న చోట వాళ్ళు మందులు తీసుకోవాలనీ, మొదటిరోజు ఉచిత బస్సు పెడతామనీ రాసి, మూడు సంఘాలకూ కాగితం పంపేశాను.

"ఒక మాట సెప్తా వినప్పా," అంది మునెమ్మక్క.

"నువ్వు ముందు మ్యాపు చూడక్కా," అన్నాను. వింటే నా తెలివికి అవమానం కదండీ!

దాతల తరఫున శారద మేడమ్ పుంగనూరు వచ్చే రోజు రానే వచ్చింది. జనాన్ని తీసుకురావడానికి సదుంకు పంపే మినీబస్సుకు ఈ మూల నుంచి ఆ మూలకు ఫ్లెక్సీ కట్టించాను. 'హెచ్.ఐ.వి. సోదర సోదరీమణులకు ఉచిత ప్రయాణం!' కింద దండం పెడుతూ నా ఫోటో. ఫోటో ఎందుకని అడక్కండి. మా వైపు బోరు వేసినా ఫ్లెక్సీలో ఫోటో ఉండాల్సిందే.

బస్సు సదుంలో గంటసేపు నిలబడి, పుంగనూరొచ్చి మా ముందు ఆగింది. అందులోంచి ఒకే ఒక్క పెద్దాయన దిగాడు, రెండు టమాటా బుట్టలతో. ఒక్కరైనా వచ్చారు! పరిగెత్తి శాలువా కప్పేశాను.

"ఒంట్లో ఎలా ఉంది పెద్దాయనా? మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా?" మేడమ్ మెల్లగా అడిగింది.

"నాకేం మాత్రలమ్మా? గుండ్రాయి మాదిరి ఉండాను. మండీకి పోతాండా. బండి ఊరికే వస్తాందంటే ఎక్కినా. సదువు రాదు తల్లీ," అని, శాలువాతో సహా వెళ్ళిపోయాడు.

మునెమ్మక్క నన్ను పక్కకు లాగింది. "ఆ బండి ఎక్కినోళ్ళు మళ్ళా ఊర్లో తలెత్తుకోని తిరగల్ల గదప్పా! పద్నాలుగో నెంబరు బడి పిల్లోళ్ళకి వంట సేస్తాది. తెలిస్తే ఆయమ్మ సేతి కూడు ఎవురన్నా తిననిస్తారా? ఈడ మందులిచ్చే గది ముందర టీ అంగడి ఆయమ్మ ఆడబిడ్డదే. దూరమని తెలీక గాదు, దూరమనే కుప్పం పోతాది. మాత్రలు రేపటితో అయిపోతాయి. ఇప్పుడు యాడికి పోవల్ల?"

అంతలో గోవిందప్ప ఫోను. స్పీకరు నొక్కాను.

"ఏమప్పా, పద్నాలుగో నెంబరు ఈడికే వచ్చి కూర్చోనుండాది. సదుమోళ్ళు ఇంక పుంగనూరుకే అని కాయితం పంపినావు కదా. తిప్పి పంపించేదా?"

వెనక ఒక ఆడమనిషి గొంతు వినబడింది. "ఆడికైతే నేను పోను సార్. మాత్రలు లేకున్నా సరే, ఇంటికే పోతా."

"వద్దు గోవిందన్నా! ఇప్పించెయ్! ఆ కాగితం చించెయ్!" అని వీధంతా వినబడేలా అరిచాను.

శారద మేడమ్ నా ప్లాను మడిచి బ్యాగులో పెట్టుకుంది. "దీనికి మేం డబ్బివ్వలేం," అంది. నేను ఫ్లెక్సీ విప్పబోయాను. "ఎవరు ఏ ఊరికి పోయినా మూడు సంఘాలూ తమ మనిషిలా చూసుకునేలా ఇంకోటి రాయండి. దానికిస్తాం. మునెమ్మ గారు చెబుతారు, మీరు రాయండి."

అలాగే రాశాను. మినీబస్సు పోయి, మామూలు ఆర్టీసీ బస్సుకు చార్జీలొచ్చాయి. పద్నాలుగో నెంబరు ఇప్పటికీ కుప్పమే పోతోంది. ఆమె పేరేమిటో, మొహమేమిటో నాకు తెలియదు. తెలియకపోవడమే నా ఉద్యోగం.

నెల తర్వాత సదుం బస్సులో పోతున్నాను. ముందు సీట్లోంచి అదే శాలువా వెనక్కి తిరిగింది.

"యోవ్! అది హెచ్చైవీ బండంట గదా, దాని మీద ఫోటో నీదే!"

బస్సంతా నావైపు చూసింది. పక్కనున్నాయన సంచి తీసి మా ఇద్దరి మధ్య పెట్టుకున్నాడు. నాకే జబ్బూ లేదని చెప్పబోయాను. ఆ మాట నోటిదాకా వచ్చినందుకే సిగ్గేసి మింగేశాను. తర్వాతి స్టేజీలో దిగిపోయి, మండుటెండలో నడిచాను.

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఫ్లెక్సీ మీద దండం పెట్టను. ఎవరికి ఏది దగ్గరో వాళ్ళని అడక్కుండా చెప్పను. ఇక నా సంగతంటారా, మదనపల్లె నుంచి సదుం పోవాల్సొస్తే, ఇప్పటికీ ఆ బస్సెక్కకుండా పీలేరు మీదుగా చుట్టు తిరిగే పోతాను.