వియ్యంకుడు దొరగారిని చూడబోయిన ప్రయాణం

ఈ ప్రయాణం జరిగినప్పుడు నాకు రాయడం రాదు. అరవై దాటాక, ఇక్కడ అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో మా పై వాటాలో ఉండే రిటైర్డ్ టీచరమ్మ దగ్గర అక్షరాలు దిద్దుకున్నాను. ఒత్తులు కుదిరేసరికి రెండు చలికాలాలు గడిచాయి. అందుకే ఇంత ఆలస్యం.

మా అల్లుడు టామ్ ఇంగ్లండులో పుట్టినవాడు. వాళ్ల నాన్న బారోనెట్. అంటే, తండ్రి నుంచి కొడుక్కి వచ్చే ‘సర్’ బిరుదు ఉన్న మనిషి. నేను దొరగారనే అనేదాన్ని. దొరతనం పేరులోనే మిగిలింది. అక్కడి పాత ఇంటి కప్పు కూలిపోతుంటే బాగుచేయించలేక అమ్మేసి, భార్యాబిడ్డలతో అమెరికా వచ్చి, వెర్మాంట్‌లో బడిపిల్లలకు లాటిన్ చెప్పి బతికారు. భార్య పోయింది. టామ్ ఒక్కడే కొడుకు. అక్టోబరులో దొరగారికి జబ్బు ముదిరి, డాక్టర్లు ఇక లాభం లేదన్నారు. అందరూ రండని దొరగారు ఫోన్ చేయించారు.

అందరం అంటే టామ్, మా అమ్మాయి సుజాత, నేను, తొమ్మిదేళ్ల నీల్. నీల్‌ను నెలల పిల్లవాడిగా ఉన్నప్పుడు హైదరాబాద్‌లో దత్తత తీసుకున్నారు. ఆ సంగతి వాడికీ తెలుసు.

శుక్రవారం పొద్దున్నే ప్రిన్స్‌టన్ జంక్షన్‌లో రైలెక్కి న్యూయార్క్‌లో మారాం. వెర్మాంట్‌కు రోజుకు ఒక్కటే బండి, పదకొండున్నర ప్రాంతంలో. వెళ్లేవాళ్లు కుడివైపు కిటికీ చూసుకోండి. ముందు సముద్రం, తర్వాత నది, రెండూ అటే కనిపిస్తాయి. బండిలో దొరికే శాండ్‌విచ్ మన నోటికి చప్పగా ఉంటుంది. మేం పులిహోర కట్టుకుపోయాం.

పక్క వరసలో స్వెటర్ అల్లుకుంటున్న ముసలావిడ, “ఆకుల రంగులు చూడ్డానికా?” అని నీల్‌ను అడిగింది. ఆ మాత్రం ఇంగ్లీషు నాకూ అర్థమవుతుంది.

“కాదు, మా తాతయ్యని. ఆయన సర్. డాడీ తర్వాత నేను సర్.”

“అయ్యో, అయితే నేను లేచి నిలబడాలేమో!” అందావిడ.

“చిన్న దొరగారూ, ముందు మూతికంటిన పసుపు తుడుచుకోండి” అన్నాను నేను. సుజాత నవ్వలేదు. టామ్ కిటికీ వైపు తిరిగిపోయాడు.

సాయంత్రం ఐదు దాటాక బ్రాటిల్‌బరోలో దిగాం. ఊరి చివర మోటెల్‌లో సామాను పెట్టి, అద్దె కారులో దొరగారింటికి వెళ్లాం. చిన్న చెక్క ఇల్లు. కిటికీ పక్కన మంచం మీద ఆయన ఎముకల గూడులా ఉన్నారు. వియ్యంకుడి ఇంటికి ఒట్టి చేతులతో పోకూడదని పట్టుపంచె తీసుకెళ్లాను. దాన్ని దుప్పటి మీద పరిపించుకుని, తడిమి, ఏదో అన్నారు.

“కట్టుకోవాలంటే నిలబడాలి కదా, లేట్‌గా తెచ్చారు అంటున్నారమ్మా” అంది సుజాత.

శనివారం ఉదయం ఆయన కాస్త తేరుకున్నారు. నీల్‌ను మంచం మీద కూర్చోబెట్టుకుని చెయ్యి పట్టుకున్నారు. వాడు ఉత్సాహంగా అడిగాడు: “తాతయ్యా, నేను సర్ అయినప్పుడు ఇంగ్లండ్‌లో ఉండాలా?”

దొరగారు టామ్ వైపు చూశారు. వాడికి చెప్పలేదా అన్నట్టు. తర్వాత చాలా మెల్లగా మాట్లాడారు. నాకు అందలేదు. నీల్ మొహం మాత్రం కనిపించింది.

“ఏమంటున్నారే?” అని సుజాతను అడిగాను.

“దత్తత బిడ్డకి టైటిల్ రాదమ్మా. టామ్‌తో ఆఖరు. ఇంకెవరూ మిగల్లేదు.”

“అదేం మాట? మన వైపు దత్తత ఇచ్చాక గోత్రమే మారిపోతుంది. వాడే కొడుకు, వాడే తలకొరివి పెడతాడు. ఆయనకు చెప్పు.”

సుజాత చెప్పింది. దొరగారు నా వైపు చూసి తల ఊపారు.

“నా చేతిలో ఉంటే ఈ నిమిషమే ఇచ్చేవాణ్ని అంటున్నారు.”

“లా అట్లా ఉంది, అత్తయ్యా. బ్లడ్ ఉండాలి” అన్నాడు టామ్ తనకొచ్చిన తెలుగులో, గోడకేసి చూస్తూ.

అప్పుడు దొరగారు ఏడ్చారు. మూడువందల ఏళ్లుగా ఒకరి నుంచి ఒకరికి వచ్చింది తన ఇంట్లో ఆగిపోతోందని, నీల్ చెయ్యి వదలకుండానే ఏడ్చారు. వాడు తాతను చూసి, నా వైపు తిరిగి తెలుగులో అడిగాడు.

“అమ్మమ్మా, నా వల్ల ఎండ్ అయిపోతోందా?”

ఏమన్నాడని దొరగారు అడిగారు. మాలో ఎవరమూ ఆయనకు చెప్పలేదు. వాడు చెయ్యి లాక్కుని వరండాలోకి పోయాడు. ఆ సాయంత్రం నుంచి ఆయనకు తెలివి లేదు.

ఆదివారం టామ్ అక్కడే ఉండిపోయాడు. నీల్ స్కూలు, సుజాత ఆఫీసు ఉన్నాయని మేం ముగ్గురం మధ్యాహ్నం బండి ఎక్కాం. స్ప్రింగ్‌ఫీల్డ్ దాటాక సుజాత ఫోన్ మోగింది. విని, కొంగు లేని మనిషి, చేతిరుమాలు కోసం వెతుక్కుంది. నేను నా పైట అందించాను.

“తాతయ్య పోయారా?” అన్నాడు నీల్.

“పోయారు నాన్నా.”

“ఇప్పుడు డాడీ సర్. తర్వాత అయిపోతుంది.” లెక్క చెప్పినట్టు చెప్పాడు.

వెర్మాంట్ చూడదగ్గ చోటే. కొండలు నిప్పంటుకున్నట్టు ఉంటాయి, మనుషులు మర్యాదస్తులు. నా కళ్లలో మాత్రం ఆ చెక్క ఇల్లే మిగిలింది. మనవణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఎవరూ మిగల్లేదని ఏడ్చిన ఇల్లు అంతకు ముందు నేను చూడలేదు. ఆయనది చెడ్డ మనసు కాదు. అదే నాకు మింగుడు పడనిది.

మర్నాడు పొద్దున నీల్‌ను లేపి బాత్‌టబ్‌లో కూర్చోబెట్టాను. నెత్తిన మగ్గుతో నీళ్లు పోశాను.

“స్కూల్ లేట్ అవుతుంది, అమ్మమ్మా. ఎందుకు ఇది?”

“తాతయ్య పోయారు కదా. నీకు మైల. పదిరోజులు దేవుడి గదిలోకి పోకూడదు, గుడికి రాకూడదు.”

“నీకు కూడా?”

“నాకు లేదు. నేను ఆ ఇంటిదాన్ని కాదు.”

వాడు తల వంచాడు. నేను మళ్లీ నీళ్లు పోశాను.